పశువుకు ‘పిచ్చి’ అనడం రోగనిర్ణయం కాదు

నిన్నటి వరకు మందతో కలిసి మేసిన దూడ ఒకనాడు విడిగా నిలబడిపోతుంది. మేత ముట్టదు, నెమరు వేయదు. మరునాటికి నోటి వెంట చొంగ కారుతుంది, పళ్లు కొరుకుతుంది, కళ్లు తెరిచే ఉన్నా ఎదురుగా ఉన్న గోడ కనబడక దానికి తల ఆనించి నిలుస్తుంది. ఒకే వైపుగా గుండ్రంగా తిరుగుతుంది. మరి రెండు మూడు రోజులకు నేలకూలి, కాళ్లు కొట్టుకుంటూ ప్రాణం విడుస్తుంది. మన పల్లెల్లో ఇటువంటి మరణానికి తరచుగా పెట్టే పేరు ఒక్కటే: పిచ్చి. గాలి సోకిందని కొందరు, పిచ్చికుక్క కరిచిందని కొందరు, విషపు ఆకు మేసిందని మరికొందరు అంటారు. గొయ్యి తీసి పూడ్చడంతో ఆ చర్చ కూడా ముగిసిపోతుంది.

ఆ చర్చ అక్కడ ముగియకూడదన్నది నా అభిప్రాయం. నరాల లక్షణాలతో చనిపోయిన ఏ పశువునూ, కారణం తెలుసుకొనే ప్రయత్నమైనా చేయకుండా పూడ్చకూడదు. నేను మనుషుల వైద్యుణ్ని. పశువైద్యం నా శాస్త్రం కాదు. అయినా ఈ విషయం ఎత్తుకోవడానికి కారణం ఉంది. కొట్టంలో వచ్చిన జబ్బు పేరు తెలియకపోతే, ఆ కొట్టంలో పాలు పితికిన ఇల్లాలికీ, దూడ నోట్లో చేయి పెట్టిన రైతుకూ ఏ వైద్యం చేయాలో మనుషుల వైద్యుడికి కూడా తెలియదు. ఈ మాటను పశువుల హెర్పిస్ వైరస్‌ల ఉదాహరణతో వివరిస్తాను. అవి నాడీమండలాన్ని పట్టుకొనే తీరు తెలిస్తే, మన అలసత్వానికి మనం చెల్లిస్తున్న ధర కూడా తెలుస్తుంది.

మనకు పరిచయమైన కుటుంబమే

హెర్పిస్ అన్న మాట కొత్తగా అనిపించవచ్చు గాని, ఆ కుటుంబం మనకు కొత్తది కాదు. చిన్నతనంలో పిల్లలకు పోసే ఆటలమ్మ ఈ కుటుంబానికి చెందిన వైరస్ వల్లనే వస్తుంది. పొక్కులు మాడిపోతాయి, పథ్యం ముగుస్తుంది, బిడ్డకు తలంటు పోస్తారు. అమ్మవారు వెళ్లిపోయిందని ఇంటిల్లిపాదీ అనుకుంటారు. కాని వైరస్ వెళ్లిపోదు. వెన్నెముక పక్కన ఉండే నరాల ముడుల్లో చేరి, యాభై అరవై ఏళ్లు కూడా నిద్రపోగలదు. వయసు మళ్లి, ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు మేల్కొని, అదే నరం వెంట చర్మానికి దిగివస్తుంది. అదే సర్పి. నడుముకో ఛాతీకో ఒక పక్క మాత్రమే పట్టీ వేసినట్టు పొక్కులు లేవడానికి కారణం, అది ఒక్క నరం దారిని పట్టుకొని రావడమే. జ్వరం తగిలినప్పుడు పెదవి అంచున లేచే నీటి పొక్కులు కూడా ఈ కుటుంబంలోని మరొక వైరస్ పనే. అది ముఖపు నరం ముడిలో దాక్కుంటుంది.

పశువులను బాధించే ముఖ్యమైన హెర్పిస్ వైరస్‌లు మూడింటిని ఇక్కడ చెప్పుకోవాలి. మొదటిది బొవైన్ హెర్పిస్ వైరస్-1. రెండవది దానికి దగ్గరి చుట్టమైన బొవైన్ హెర్పిస్ వైరస్-5. మూడవది పందుల నుంచి పశువులకు సంక్రమించే వైరస్. శాస్త్రజ్ఞులు ఈ మూడింటినీ వారిసెల్లోవైరస్ అనే ప్రజాతిలో చేర్చారు. ఆ ప్రజాతికి ఆ పేరు వచ్చింది ఆటలమ్మ వైరస్ వల్లనే. అంటే మన ఇంట్లోని ఆటలమ్మా, కొట్టంలోని ఈ జబ్బులూ ఒకే వంశానివి. దాగుండే నేర్పు కూడా ఒక్కటే.

ముక్కు నుంచి నరానికి

బొవైన్ హెర్పిస్ వైరస్-1 కలిగించే జబ్బును పశువైద్యులు ఐబీఆర్ అంటారు. 1950లలో అమెరికా పశ్చిమ ప్రాంతాలలో, వేల పశువులను ఒకచోట కట్టి మేపే కేంద్రాలలో, ముక్కూ గొంతూ వాచి ఊపిరాడని కొత్త జబ్బుగా దీనిని గుర్తించారు. 1956లో వైరస్‌ను వేరుచేశారు. జ్వరం, ముక్కు కారడం, ముక్కు లోపల ఎర్రబారడం, కళ్లు పుసికట్టడం, పాలు తగ్గడం దీని లక్షణాలు. చూడి పశువుకు సోకితే ఈసుకుపోవచ్చు. ఆవులకే కాదు, గేదెలకూ సోకుతుంది. మన దేశంలోనూ ఈ వైరస్ ఉంది; వివిధ రాష్ట్రాలలో జరిపిన రక్తపరీక్షల్లో దీని ప్రతిరక్షకాలు కనిపిస్తూనే ఉన్నాయి.

చాలా పశువులు ఈ జబ్బు నుంచి పది పదిహేను రోజుల్లో కోలుకుంటాయి. రైతు ఊపిరి పీల్చుకుంటాడు. అసలు కథ అక్కడే మొదలవుతుంది. ముక్కు పొరల్లో పెరిగిన వైరస్, ఆ పొరల్లోకి వచ్చి ముగిసే సన్నని నరాల కొసల్లో ప్రవేశిస్తుంది. నరపు తంతువులో సరుకులు చేరవేసే వ్యవస్థ ఒకటి ఉంటుంది. దాన్నే వాహనంగా చేసుకొని వెనక్కు ప్రయాణించి, ముఖానికి స్పర్శజ్ఞానం ఇచ్చే ట్రైజెమినల్ నరపు ముడికి చేరుతుంది. జననాంగాల ద్వారా సోకినప్పుడు నడుము కింది నరాల ముడుల్లో చేరుతుంది. అక్కడ దాని జన్యుపదార్థం నరకణపు కేంద్రకంలో మౌనంగా ఉండిపోతుంది. కొత్త వైరస్‌లు తయారు కావు, జబ్బు లక్షణాలు ఉండవు. కాపలా కాసే రక్తకణాలకు పట్టుకోవడానికి ఆనవాలు కూడా దొరకదు. ఆ పశువు బతికినంత కాలం వైరస్ దానిలోనే ఉంటుంది.

దానిని మేల్కొలిపేది కష్టకాలం. లారీలో దూర ప్రయాణం, ఈనడం, మరో జబ్బు, మేత కరవు, కొత్త మందలో చేరడం వంటి ఒత్తిళ్లు కలిగినప్పుడు వైరస్ తిరిగి పెరిగి, వచ్చిన దారినే ముక్కుకు దిగుతుంది. ఆ పశువు పైకి ఆరోగ్యంగానే ఉంటుంది. కాని దాని ముక్కు స్రావాలలో వైరస్ ఉంటుంది. సంతలో కొన్న గేదె, పరరాష్ట్రం నుంచి తెచ్చిన మేలుజాతి ఆవు, చూడటానికి నిగనిగలాడుతూనే ఈ విధంగా జబ్బును మోసుకురావచ్చు.

ఈ సందర్భంలో ఒక మందు పేరు చెప్పక తప్పదు. డెక్సామెథసోన్. పశువులలో దాగిన హెర్పిస్ వైరస్‌ను పరిశోధనశాలలో కావాలని మేల్కొలపాలంటే శాస్త్రజ్ఞులు ఇచ్చేది ఈ మందునే. కొన్ని సందర్భాలలో ప్రాణం నిలబెట్టే మంచి మందే అది. దాన్ని నిందించడం నా ఉద్దేశం కాదు. కాని జ్వరం వచ్చినా, కాలు కుంటినా, మేత మానినా అర్హత లేనివారి చేతిలో అదే సూది పడుతున్న పరిస్థితి మనకు తెలియనిది కాదు. మనుషులలోనూ ఇదే పొరపాటు జరుగుతోంది. మోకాళ్ల నొప్పులకు నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడిన వృద్ధులకు సర్పి రావడం వైద్యులకు కొత్త కాదు. శాస్త్రం ఒక్కటే, తప్పు కూడా ఒక్కటే.

మెదడును చేరినప్పుడు

బొవైన్ హెర్పిస్ వైరస్-1 సాధారణంగా నరం ముడి దగ్గర ఆగిపోతుంది. లేతదూడల్లో ఎప్పుడో ఒకసారి మెదడువాపు కలిగించవచ్చు. బొవైన్ హెర్పిస్ వైరస్-5 అట్లా ఆగదు. ముక్కు పైభాగంలో వాసనను పసిగట్టే నరాల ద్వారా నేరుగా మెదడుకు దారి తీస్తుంది; ట్రైజెమినల్ నరం దాని రెండో దారి. మెదడు ముందుభాగం వాచి, చోటుచోట మెత్తబడి చెడిపోతుంది. వ్యాసం మొదట్లో చెప్పిన గుడ్డితనం, గుండ్రంగా తిరగడం, పళ్లు కొరకడం, మూర్ఛలు అన్నీ ఈ నష్టపు ఫలితాలే. ఎక్కువగా బలయ్యేవి దూడలూ, పడుచు పశువులూ. తల్లి పాలు మాన్పించిన రోజుల్లో, మందను తరలించిన రోజుల్లో జబ్బు పైకి తేలడం సాధారణం. లక్షణాలు కనబడ్డాక బతికేవి బహు తక్కువ.

విచిత్రమేమిటంటే, ఈ రెండు వైరస్‌ల జన్యుపదార్థం ఎనభై శాతానికి పైగా ఒక్కటే. అందుచేత చాలాకాలం దీనిని మొదటి వైరస్‌లోనే ఒక రకంగా లెక్కించారు. ఆస్ట్రేలియాలో 1960లలోనే మెదడువాపుతో చనిపోయిన దూడల నుంచి దీనిని వేరుచేసినా, ప్రత్యేక జాతిగా గుర్తింపు 1992లో గాని రాలేదు. రూపంలో అంత పోలిక ఉన్న రెండింటిలో ఒకటి జలుబుతో సరిపెట్టడం, రెండోది మెదడును తినివేయడం చూస్తే, పైలక్షణాలను బట్టి పేరు పెట్టడం ఎంత ప్రమాదమో అర్థమవుతుంది.

ఈ జబ్బు ఎక్కువగా నమోదైనది అర్జెంటీనా, బ్రెజిల్ దేశాలలో. బ్రెజిల్ అనుభవం నుంచి మనం నేర్చుకోవలసినది చాలా ఉంది. అక్కడ రక్తం తాగే గబ్బిలాల కాటు వల్ల పశువులకు రేబిస్ వస్తుంది. అందువల్ల నరాల లక్షణాలతో చనిపోయిన పశువుల మెదడు నమూనాలను రేబిస్ పరీక్షకు పంపే ఏర్పాటు అక్కడ ఉంది. రేబిస్ లేదని తేలిన నమూనాలను పారవేయకుండా పరిశోధకులు మళ్లీ పరిశీలించినప్పుడు, వాటిలో కొన్నింటిలో హెర్పిస్ వైరస్-5 బయటపడింది. వెదికినవారికి దొరికింది. వెదకకపోయి ఉంటే ఆ మరణాలన్నీ ‘కారణం తెలియదు’ అన్న గడిలోనే ఉండిపోయేవి.

మూడో వైరస్ సంగతి మరీ భయంకరం. 1902లో హంగరీ శాస్త్రవేత్త అలదార్ ఔయెస్కీ ఒక ఎద్దులోనూ, కుక్కలోనూ, పిల్లిలోనూ రేబిస్‌ను పోలిన జబ్బును చూసి, అది రేబిస్ కాదని తేల్చాడు. ఈ వైరస్‌కు సొంత ఇల్లు పంది. పందిలో అది నరాల ముడుల్లో దాగి జీవిస్తుంది. పశువుకు సోకితే మాత్రం ఒంటిమీద ఒకచోట భరించరాని దురద పుడుతుంది. చర్మం చీలి రక్తం కారేదాకా కొయ్యకూ గోడకూ రాసుకొని, ఒకటి రెండు రోజుల్లో పశువు చనిపోతుంది. అమెరికా రైతులు దానిని పిచ్చి దురద అని పిలిచేవారు. ఆ పిచ్చి దురదా, ఔయెస్కీ చెప్పిన జబ్బూ ఒక్కటేనని రిచర్డ్ షోప్ 1931లో రుజువు చేశాడు. కారణం తెలిసింది కాబట్టి నివారణ సాధ్యమైంది. అమెరికాలో వ్యాపారానికి పెంచే పందుల మందలన్నీ 2004 నాటికి ఆ జబ్బు నుంచి విముక్తమయ్యాయి. ‘పిచ్చి’ అన్న మాటతో తృప్తిపడి ఉంటే అది జరిగేది కాదు.

“మనుషులకు సోకదు కదా!”

ఇక్కడ మీకు ఒక సందేహం రావచ్చు. ఆవులకు వచ్చే హెర్పిస్ వైరస్-1గాని, 5గాని మనుషులకు సోకవు. కాచిన పాలతో భయమే లేదు. అటువంటప్పుడు ఇంత హడావిడి ఎందుకు? పేద రైతుకు పరీక్షల భారం ఎందుకు?

న్యాయమైన ప్రశ్నే. నా సమాధానం ఇది. జబ్బు హెర్పిస్ అని మీకు ముందే తెలిస్తే భయపడనక్కర లేదు. కాని కొట్టంలో నిలబడి చూసేవారికి అది తెలియదు. అదే చొంగ, అదే తూలుడు, అదే పక్షవాతం రేబిస్‌లోనూ ఉంటాయి. మన దేశంలో నరాల లక్షణాలున్న పశువును చూడగానే మొదట అనుమానించవలసింది రేబిస్‌నే. పశువులలో రేబిస్ ఎప్పుడూ కుమ్ముతూ రంకెలు వేస్తూ రాదు. గొంతు పట్టేసి, మింగలేక, చొంగ కారుస్తూ నిశ్శబ్దంగా కూడా వస్తుంది. గొంతులో ఏదో అడ్డుపడిందనుకొని రైతు నోట్లో చేయి పెడతాడు. వేలికి ఉన్న చిన్న గీత చాలు. రేబిస్ లక్షణాలు మనిషిలో మొదలైతే తిరిగి రావడం దాదాపు అసాధ్యం. లక్షణాలకు ముందు టీకా వేస్తే అంతే నిశ్చయంగా ప్రాణం నిలుస్తుంది. ఇంత తేడా ఉన్న చోట ‘ఏదో ఒకటిలే’ అనుకోవడం సాహసం కాదు, నిర్లక్ష్యం.

రేబిస్, హెర్పిస్ మాత్రమే కాదు. సీసపు విషం, థయమిన్ లోపం, పాతరగడ్డి ద్వారా వచ్చే లిస్టీరియా, సర్రా, ఈనిన తర్వాత కాల్షియం పడిపోవడం, ధనుర్వాతం — ఇవన్నీ పశువును తూలించగలవు, పడవేయగలవు. వీటిలో కొన్నింటికి చక్కని చికిత్స ఉంది. థయమిన్ లోపాన్ని సకాలంలో గుర్తించి సూది వేస్తే పశువు లేచి నిలబడుతుంది. పిచ్చి అని పేరు పెట్టి వదిలివేసిన పశువుల్లో బతకదగినవి కూడా ఉన్నాయన్నమాట.

మనుషులలో హెర్పిస్ మెదడువాపు చరిత్రే ఇందుకు సాక్ష్యం. చికిత్స లేకపోతే ఆ జబ్బు సోకినవారిలో 70 శాతం మంది చనిపోతారు. ఎసైక్లోవిర్ వచ్చాక, అనుమానం రాగానే ఆ మందు మొదలుపెట్టడం వల్ల ఎందరో బతుకుతున్నారు. ఆ మందు వెనుక కృషి చేసిన గెర్ట్రూడ్ ఎలియన్ 1988లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. పశువుల హెర్పిస్ మెదడువాపుకు కొట్టంలో వాడదగిన మందు నేటికీ లేదు. మందు లేని జబ్బుకు నివారణే మందు. నివారణకు తొలిమెట్టు జబ్బు పేరు తెలియడం.

పేరు తెలిసిన దేశాలు ఏం చేశాయో చూడండి. డెన్మార్క్, స్వీడన్, ఫిన్లాండ్, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ దేశాలు ఐబీఆర్‌ను తమ మందల నుంచి పూర్తిగా తొలగించాయి. జర్మనీకి 2017లో ఆ గుర్తింపు వచ్చింది. జబ్బు సోకిన పశువునూ టీకా వేసిన పశువునూ రక్తపరీక్షలో విడివిడిగా గుర్తించగల టీకాలు కొన్ని దేశాల్లో ఇందుకు తోడ్పడ్డాయి. మన దేశంలో వీర్య ఉత్పత్తి కేంద్రాల ఆబోతులకు ఐబీఆర్ పరీక్ష చేయాలన్న నియమం ఉంది, అది మెచ్చదగినదే. గాలికుంటుకూ బ్రూసెల్లాకూ 2019 నుంచి జాతీయ టీకా కార్యక్రమం నడుస్తోంది. ఐబీఆర్‌కు అటువంటిది లేదు. ఆవులను వధించి మందను శుభ్రపరిచే యూరప్ పద్ధతి మనకు చెల్లదు, నేను కోరడమూ లేదు. కాని కొనే ముందు పరీక్ష, కొన్న తర్వాత విడిగా కట్టడం మనకూ సాధ్యమే.

ఏం చేయాలి?

రైతు సోదరులకు నా విన్నపం. పశువు నడకలో, చూపులో, అరుపులో తేడా కనబడితే దానిని విడిగా కట్టండి. పిల్లలను దరికి రానీయకండి. నోట్లో చేయి పెట్టకండి, పెట్టనీయకండి. ఆ పశువు పాలు తాగకండి, అమ్మకండి. స్థానిక పశువైద్యునికి గాని, 1962 నంబరుకు గాని ఫోన్ చేయండి. పశువైద్యుడు చెప్పకుండా స్టెరాయిడ్ సూది వేయించకండి. చొంగ గాయానికి గాని, కంటికి, నోటికి గాని తగిలి ఉంటే సబ్బుతో 15 నిమిషాల సేపు ధారాళమైన నీటి కింద గాయాన్ని కడగండి. కంటిని, నోటిని మంచినీటితో బాగా కడుక్కోండి. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. పశువు పరీక్షాఫలితం వచ్చేదాకా టీకాను వాయిదా వేయకండి. ఫలితం వచ్చాక కోర్సు కొనసాగించాలో ఆపాలో వైద్యుడు నిర్ణయిస్తాడు.

కొత్తగా కొన్న పశువును కనీసం మూడు నాలుగు వారాలు పాత మందకు దూరంగా ఉంచండి. వీలైతే ఐబీఆర్ రక్తపరీక్ష చేయించండి. ప్రతిరక్షకాలు కనబడితే, టీకా వేయని పశువులో అది వైరస్ దాగి ఉందనడానికి గుర్తు. నేడు జబ్బు లేదని సంబరపడవద్దు.

ప్రభుత్వానికి నా సూచన ఒక్కటే. నరాల లక్షణాలతో చనిపోయిన ప్రతి పశువు మెదడు నమూనా ప్రయోగశాలకు చేరాలి. ఒక భాగం మంచులో పెట్టి రేబిస్, హెర్పిస్ పరీక్షలకు, మరో భాగం ఫార్మలిన్‌లో కణజాల పరీక్షకు. తగిన రక్షణ దుస్తులు, తామే ముందుగా టీకా వేయించుకున్న సిబ్బంది, నమూనా చేరవేసే వాహనం, రైతు జేబు నుంచి రూపాయి తీయని ఏర్పాటు ఉండాలి. కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ను 2030 నాటికి అంతం చేస్తామని దేశం 2021లో ప్రణాళిక ప్రకటించింది. పశువులను లెక్కించని ప్రణాళిక ఆ జబ్బును పూర్తిగా చూడలేదు. ఈ పరీక్షలు రేబిస్ లెక్కను సరిచేస్తాయి; రేబిస్ కాని వాటిలో ఏమున్నదో కూడా చెబుతాయి.

నా తోటి వైద్యులకు ఒక మాట. పశువు చనిపోయిన ఇంటి నుంచి ఎవరైనా మీ వద్దకు వస్తే, మండల పశువైద్యునికి ఫోన్ చేసి మాట్లాడండి. రెండు ఆసుపత్రుల మధ్య దూరం చాలా ఊళ్లలో ఒక వీధి మాత్రమే. ఆ వీధి దాటి ఒకరి సమాచారం మరొకరికి చేరడం లేదు. ఆ ఫోను మాటకు ఖర్చు లేదు, జీవో అక్కర లేదు.

పాడి పశువు మన ఇళ్లలో కుటుంబ సభ్యురాలితో సమానం అంటాం. ఇంట్లో మనిషి అకస్మాత్తుగా మూర్ఛపోయి చనిపోతే, ఏమైందని పదిమంది వైద్యులను అడుగుతాం. అంత కాకపోయినా, ఒక్క ప్రశ్న ఆవు విషయంలోనూ అడుగుదాం. ఈసారి మీ ఊళ్లో ఎవరైనా ‘దూడకు పిచ్చి పట్టి చచ్చిపోయింది’ అంటే, గొయ్యి తీయకముందే పశువైద్యునికి కబురు చేశారా అని అడగండి.